ఆషాఢం అవుట్‌బాక్స్

జూన్ 26, గురువారం

ఆషాఢం ఇవాళే మొదలైంది. రత్నమాల మేడం ఫోనూ ఇవాళే మొదలైంది. డబ్బా మళ్ళ సతాయిస్తున్నది బిడ్డా, జర వచ్చి చూసి పో అంది.

డబ్బా అంటే ఆమె ఆఫీసు కంప్యూటర్. నేను హార్డ్‌వేర్ కోర్సు పాసైన ఏడాది కొన్నది. ఎక్స్‌పీ, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, రెండు ర్యామ్ ముక్కలు కలిపితే అర జీబీ. నా ఫోన్‌లో దానికి పదింతల పైనే ఉంది. అమీర్‌పేట రోడ్డు మీద పిల్లలు ఏఐ కోర్సుల కరపత్రాలు పంచుతుంటారు. మెట్లెక్కి ఆమె రెండో అంతస్తుకు చేరేసరికి నేను 2004లో ఉంటాను.

మేడంది మ్యారేజ్ బ్యూరో. ఆమెకో పద్ధతి ఉంది. ఆషాఢంలో సంబంధం మాట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోకూడదు. అలాగని పనీ ఆపదు. ఇష్టమే అన్నవాళ్ళదీ వద్దన్నవాళ్ళదీ ఏ రోజు మాట ఆ రోజే టైప్ చేసి సెండ్ నొక్కుతుంది. కాకపోతే ముందే వర్క్ ఆఫ్‌లైన్ అని టిక్కు పెట్టి ఉంచుతుంది. వచ్చేవి రావు, పోయేవి పోవు. మెయిళ్ళన్నీ అవుట్‌బాక్స్‌లో నెలంతా కూర్చుంటాయి. శ్రావణం మొదటి రోజు సీపీయూకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, టిక్కు తీసి అన్నీ ఒక్కసారి పంపుతుంది. డయలప్ కాలంలో బిల్లు మిగులుతుందని మొదలుపెట్టింది. ఇప్పుడు శాస్త్రమై కూర్చుంది.

జీమెయిల్ పెట్టిస్తానంటే వినదు. పంపు అనంగనే పోయేదాన్ని ఎట్ల నమ్మాలె అంటుంది. మేనల్లుడు కొనిచ్చిన లాప్‌టాప్ మీద పంచాంగం పెట్టుకుంది.

ఇంకో పద్ధతి, రీడ్ రిసీట్. అవతలివాళ్ళు మెయిల్ తెరవగానే, తెరిచారని ఒక చిన్న మెయిల్ వెనక్కి వస్తుంది. కొన్ని కంప్యూటర్లు మనిషిని అడక్కుండానే పంపేస్తాయి. మేడం ప్రతి మెయిల్‌కూ ఆ టిక్కు పెడుతుంది. రేపు ఎవరన్న మాకు అందలేదంటే మొహం మీద చూపియ్యాలె కద అంటుంది.

నా సర్వీసుకు ఆమె ఇచ్చేది సగం డబ్బు, సగం సంబంధాలు. నాకు నలభై రెండు. ఒక పెళ్ళి అయింది, విడాకులూ అయ్యాయి. మొన్న ఆదివారం ఒకాయనను చూపించింది. సురేందర్, నలభై ఐదు, పంజాగుట్టలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. భార్య పోయి ఆరేళ్ళు. మనిషి చూడ్డానికి బాగానే ఉన్నాడు. నోరు తెరిచి ల్యాబ్ ప్రింటర్ గురించి అడిగాడు. రిపోర్టు సగం ప్రింటై ఆగుతుందట. కార్ట్రిడ్జ్ మార్చాల్నా అన్నాడు. టీ అయిపోయేదాకా అదే. పట్టుచీర కట్టుకుని సర్వీస్ కాల్‌కు పోయినట్టయింది నా బతుకు.

ఇవాళ డబ్బా దుమ్ము దులిపి రీస్టార్ట్ చేశాక, ఏం రాయాలె బిడ్డా నీది అని అడిగింది మేడం. వద్దని రాయండి అన్నాను. ఇంకోసారి ఆలోచించుకో అంది. వద్దంటే వద్దు అన్నాను. ఆఫీసులో ఇంకో ముగ్గురున్నారు, అందరూ విన్నారు. నా ముందే టైప్ చేసింది. సెండ్ నొక్కింది. అవుట్‌బాక్స్‌లో పడింది.

హాయిగా ఉంటుందనుకున్నాను. తలనొప్పిగా ఉంది.

జూలై 1, మంగళవారం

బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. రోడ్లన్నీ మూసేశారు. ఎస్సార్ నగర్ నుంచి నడక. ఎండ, డప్పులు, జనం. బ్యాగులో స్క్రూ డ్రైవర్లు వీపుకు గుచ్చుకున్నాయి.

డబ్బా రెండుసార్లు బ్లూ స్క్రీన్ ఇచ్చి ఆగిపోయింది. ఇన్‌బాక్స్ ఫైల్ రెండు జీబీకి దగ్గర పడింది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌కు అదే గీత. ఆ గీత దాటితే లోపలున్నవి కూడా చూపించదు.

ఒళ్ళు మండి అడిగాను. ఎల్లమ్మ తల్లి పెళ్ళే ఆషాఢంలో అవుతుంటే మన మెయిళ్ళు పోతే ఏమైంది అని. తల్లికి జాతకం చూసెటోడు ఎవడు బిడ్డా, మనకు చూస్తరు కద అంది మేడం. పులిహోర పెట్టింది. తిని వచ్చాను.

జూలై 3

నాలుగు బ్లూ స్క్రీన్లు. ఒక ఉప్మా.

జూలై 5, శనివారం

డబ్బా లేవలేదు. బీప్ బీప్ బీప్ అని ఆగింది. ఆ బీపులకు ర్యామ్ అని అర్థం.

క్యాబినెట్ విప్పాను. ఏం చెప్పాలి. ఇరవై ఏళ్ళ శ్రావణాలన్నీ లోపలే ఉన్నాయి. పసుపు, కుంకుమ, కొబ్బరి పీచు, ఎండి గట్టిపడిన కొబ్బరినీళ్ళు. ఒక ర్యామ్ స్లాట్‌లో కుంకుమ పేస్టులాగా పేరుకుపోయింది. పైన గాలి పోయే రంధ్రాలున్నాయి కదా, సరిగ్గా వాటి మీదే మేడం కొబ్బరికాయ కొడుతుంది. సీపీయూ తల అది, తల మీదనే కద కొట్టాలె అంది.

ర్యామ్ కాళ్ళు పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. అమీర్‌పేటలో మాకు నేర్పిన మొదటి వైద్యం అది. నూటికి తొంభై లేస్తాయి. ఇది లేవలేదు. ఒక ముక్క పూర్తిగా పోయింది. రెండోది డెస్క్‌టాప్ దాకా వచ్చి చచ్చిపోతోంది. క్యాబినెట్ అంచు తగిలి వేలు తెగింది. ఇన్సులేషన్ టేపు చుట్టాను.

హార్డ్ డిస్కు నా షాపుకు తీసుకుపోయి ఇంకో సిస్టంలో పెడతానన్నాను. మేడం లేచి నిలబడింది. ఆడపిల్లల ఫోటోలున్నయ్ అండ్ల, డిస్కు నా గడప దాటొద్దు అంది. అది కాదనలేకపోయాను. నా ఫోటో కూడా అందులోనే ఉంది.

కాబట్టి పాతకాలం ర్యామ్ ఒకటి వెతకాలి. శ్రావణం లోపల. ఎంతమంది మాట అందులో ఉన్నదో నీకెర్కేనా బిడ్డా అంది. ఎరుకే.

జూలై 6, ఆదివారం

ఎర్రగడ్డ సండే మార్కెట్. పాత సామాను అమ్మే అజ్మత్ అలీ భాయ్ దగ్గర దొరకనిది ఉండదంటారు. ఆయనకు నేను కోర్సు చదివే రోజుల నుంచి తెలుసు. గోనె పట్టా మీద ర్యామ్‌లు కుప్ప పోసి ఉన్నాయి, చిక్కుడుకాయల్లాగా. మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం ఏరాను. అన్నీ తర్వాతి కాలానివే. మా స్లాట్‌లో పట్టవు.

అరె బేటీ, గింత పాతది మ్యూజియంల సుత ఉండది అన్నాడు. తర్వాత ఆయనే ఆలోచించి, ల్యాబోళ్ళను అడుగు అన్నాడు. రక్తం చూసే మిషన్లకు పాత కంప్యూటర్లే కడతరు, అవి మార్చరు, మార్చినా పారెయ్యరు అన్నాడు.

ల్యాబోళ్ళు. నా ఖర్మ.

జూలై 7

పోను.

జూలై 9, బుధవారం

పోయాను.

నిన్నంతా కోఠి, సికింద్రాబాద్ తిరిగాను. తెలిసిన ప్రతి వెధవకూ ఫోన్ చేశాను. ఒకడు ఇంకా ఎక్స్‌పీ ఏంది అక్కా అని నవ్వాడు. ఇక దారి లేకనే పోయాను అని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

పంజాగుట్టలో మెట్రో దిగి సందులోకి నడిచాను. కౌంటర్ అమ్మాయి నా మాట వినకుండా టోకెన్ ఇచ్చింది. షుగర్ టెస్టు వాళ్ళ మధ్య కూర్చున్నాను. నా వంతు వచ్చి లోపలికి పోతే, గ్లవ్స్ వేసుకుని ఆయనే. నన్ను చూసి సూది కింద పెట్టాడు. ఫాస్టింగేనా అని అడిగి నాలుక కరుచుకున్నాడు.

ర్యామ్ కోసం వచ్చాను, ఇంకో మాట కోసం కాదు అన్నాను. ఎర్కే, ఆషాఢం కద అన్నాడు.

స్టోర్ రూమ్‌కు పోయి ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చాడు. రక్తం శాంపిళ్ళు పెట్టేది. లోపల దూది, దూదిలో ర్యామ్. కవర్ మీద లేబుల్. ఏ సిస్టంలోంచి తీశారో, ఏనాడు తీశారో, కింద మంచిదే అని రాసి ఉంది. మీరెందుకు దాచారు అన్నాను. పనిచేసేదాన్ని పారెయ్యాలంటే మనసొప్పదు మేడం అన్నాడు.

అప్పుడు చూశాడు నా వేలు. ఇన్సులేషన్ టేపా అన్నాడు. కూర్చోబెట్టి, టేపు మెల్లగా తీసి, కడిగి, ప్లాస్టర్ వేశాడు. నేను చూస్తూ కూర్చున్నాను. పొద్దుగాల నుంచి అందరు మొహం తిప్పుకునెటోళ్ళే, మీరొక్కరే చూస్తున్నరు అన్నాడు. మా పనిలో చూడకుండా దేన్నీ ముట్టుకోము అన్నాను. నవ్వాడు. పన్ను ఒకటి వంకర. మొన్న గమనించలేదు.

ఆ దినం ప్రింటర్ ముచ్చట పెట్టినందుకు కోపమొచ్చి ఉంటది మీకు అన్నాడు. ఇంటి దగ్గర అడగాల్సినవన్నీ అనుకుని వచ్చాడట. నన్ను చూడంగనే అన్నీ పోయి ప్రింటర్ ఒక్కటే మిగిలిందట. మీకు ఎర్కున్నదాని గురించి మాట్లాడితే మీకు మంచిగనిపిస్తదనుకున్న అన్నాడు.

ఆ ప్రింటర్ మూలన ఉంది. నోట్లో సగం కాగితంతో. నేను దాని దగ్గరికి పోలేదు. పోతే కూర్చోవాల్సి వస్తుంది.

డబ్బులు ఇవ్వబోతే, శ్రావణంల ఇద్దురు అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

నాకాయన నచ్చాడు. రాసుకుంటే తప్పేంటి. ఇది నా డైరీ.

నా వద్దు మాత్రం ఆ డబ్బాలో, అవుట్‌బాక్స్‌లో ఉంది.

జూలై 10, గురువారం

ర్యామ్ పెట్టాను. మంచి స్లాట్‌లో. డబ్బా లేచింది. మేడం డబ్బాకు దండం పెట్టింది. నాకు పెట్టలేదు.

అవుట్‌లుక్ మాత్రం తెరుచుకోగానే గుడ్లు తేలేసింది. ఇన్‌బాక్స్ నిండిపోయింది, ఫైళ్ళన్నీ కుదించాలి, కుదించేదాకా దేన్నీ ముట్టుకోవద్దని మెసేజ్. ముందు మొత్తం పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేశాను. మేడం ఆ పెన్ డ్రైవ్‌ను బీరువాలో వెండి కుంకుమ భరిణె పక్కన పెట్టి తాళం వేసింది.

ఊరికే అడిగినట్టు అడిగాను. వద్దన్నవాళ్ళు ఎవరైనా మధ్యలో మనసు మార్చుకుంటే ఏం చేస్తారు మీరు అని. ఆషాఢం ఎందుకు పెట్టిన్రనుకున్నవ్ బిడ్డా, మనసు మారెటందుకే కద అంది. ఎవలు మార్చుకున్నరు అని నా మొహంలోకి చూసింది.

అప్పుడే చెప్పాల్సింది. వద్దంటే వద్దు అని ముగ్గురి ముందు అరిచింది నేనే. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇవాళ కూడా అక్కడే కూర్చున్నారు. ఎవరో క్లయింటు అన్నాను.

డబ్బా బాగు కాగానే నా మెయిల్ నేనే తెరిచి మార్చేస్తాను. అవుట్‌బాక్స్‌లో ఉన్నంతవరకు ఏ మెయిలైనా మార్చొచ్చు. నా మాటే కదా, దొంగతనమేం కాదు.

జూలై 12, శనివారం

కుదింపు నడుస్తూ ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి ఉంది. మళ్ళీ మొదటి నుంచి.

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. ఊరంతా సికింద్రాబాద్‌లో ఉంది. నేను అమీర్‌పేటలో, ఫ్యాన్ తిరగని గదిలో, ఆకుపచ్చ గీత కదులుతుందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. ఏడాదికొక ఫోల్డర్ చేసి మెయిళ్ళు వాటిలోకి జరిపాను. జరిపి కుదించి, జరిపి కుదించి. ఎవరెవరి పెళ్ళిళ్ళో కళ్ళ ముందు నుంచి పోయాయి. అబ్బాయికి సొంత ఇల్లు, అమ్మాయి ఎత్తు, కట్టూబొట్టూ, రంగు చామనఛాయ. మధ్యలో మంజూష అని నా బయోడేటా. పదేళ్ళ కిందటి ఫోటో. ఆ పిల్ల అలసిపోయినట్టు లేదు.

మేడం కదలదు. నా పక్కనే కుర్చీ వేసుకుని ఒత్తులు చేస్తూ కూర్చుంటుంది. ఆమె ముందు అవుట్‌బాక్స్ ఎలా తెరవను.

జూలై 17, గురువారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తున్నాను.

మేడం కళ్ళ డాక్టర్ దగ్గరికి పోయింది. ఆఫీసులో నేనొక్కదాన్నే. కుదింపు మొత్తం అయిపోయింది. అవుట్‌లుక్ గలగల తెరుచుకుంది. ఇరవై ఏళ్ళ మెయిళ్ళు, ఒక్కటి పోలేదు. సంతోషమేసింది. ఈ పనిలో ఇంకా సంతోషం ఉందని మరిచేపోయాను.

రిపేరు అయ్యాక టెస్ట్ చేయడం అలవాటు. చెయ్యి దానంతట అదే సెండ్ రిసీవ్ మీదికి పోయింది. మీరు ఆఫ్‌లైన్‌లో ఉన్నారు, ఆన్‌లైన్‌కు వెళ్తారా అని అడిగింది. ఏ కంప్యూటర్ ఏం అడిగినా యెస్ నొక్కే చెయ్యి ఇది. నొక్కేసింది.

గీత పరుగెత్తింది. వారం నుంచి నత్తలాగా పాకిన డబ్బా, ఇవాళ నేను పెట్టిన ర్యామ్‌తో, నేను చేసిన కుదింపుతో, ఉరికింది. నేను టేబుల్ కిందికి దూరి నెట్ కేబుల్ పీకేసరికి చాలా పోయాయి. నాది మిగిలిన వాటిలో లేదు. సెంట్ ఐటమ్స్‌లో ఉంది.

ఆషాఢంలో. నా చేత్తో. వద్దు.

అదే రోజు, ఏడు గంటలకు

మేడంకు చెప్పాను. కళ్ళలో చుక్కల మందు వేసుకుని వచ్చింది, నల్ల కళ్ళద్దాలతో. విని కుర్చీలో కూర్చుంది. నేను తల దించుకుని నిలబడ్డాను. తిట్టండి అన్నాను. తిడితే వెనక్కొస్తయా బిడ్డా అంది. తర్వాత నీళ్ళు తాగి, ఎవరెవరి ఇండ్లకు పోయినయో చూసి చెప్పు అంది.

పేర్లు చదివాను. నాదీ చదివాను. నీది నువ్వు కోరుకున్నదే పోయింది కద అంది. ఇప్పుడు కూడా చెప్పలేకపోయాను. ఏడుపొచ్చింది. మెయిళ్ళు పోయినందుకు అనుకుంది.

జూలై 18, శుక్రవారం

పొద్దున్నుంచి ఫోన్లు. మేడం గొంతు పోయింది, నాకు చెవులు పోయాయి. సనత్‌నగర్ నుంచి ఒక పెళ్ళికొడుకు తల్లి, మంచిమాట ఆషాఢంల పంపిస్తవా, నీకు కడుపుమంట గిట్ల ఉన్నదా అని అరిచింది. అనుపమ అనే పిల్ల తండ్రి, అబ్బాయోళ్ళు వద్దన్నరని తెలిసి మా పిల్ల అన్నం తింటలేదు అన్నాడు.

అందరికీ మేడంది ఒకటే జవాబు. ఆషాఢంల పోయిన మాట చెల్లదు. శ్రావణంల మళ్ళ పంపుత, అదే లెక్క. మధ్యల మీరు మార్చుకుంటరా మార్చుకోండ్రి. చిత్రం ఏమిటంటే అందరూ ఒప్పుకున్నారు. పంచాంగం ప్రకారం చెల్లదంటే ఎవరూ ఎదురు చెప్పరు. సనత్‌నగరామె చల్లబడి, బ్లౌజులు కుట్టే మనిషి నంబరు అడిగింది.

ఆ పద్ధతిని ఇన్నేళ్ళూ వెక్కిరించాను.

మిగిలిన మెయిళ్ళను డ్రాఫ్ట్స్‌లోకి జరిపి, కేబుల్ మళ్ళీ పెట్టమంది మేడం. తిట్టెటోళ్ళు ఫోన్‌ల తిడుతున్నరు, మెయిల్‌ల సుత తిట్టనీ అంది. పెట్టాను. తిట్లతో పాటు రీడ్ రిసీట్లు వచ్చాయి, వరసగా. ఫలానా మెయిల్ తెరవబడింది, ఫలానా మెయిల్ తెరవబడింది.

అందులో ఆయనది. ఇవాళ పొద్దున తెరిచాడు. ల్యాబ్ తెరిచే టైముకు.

చదివాడు.

అందరూ ఫోన్ చేశారు. ఆయన ఒక్కడే చేయలేదు.

జూలై 20, ఆదివారం

ల్యాబ్‌కు పోదామని మెట్రో ఎక్కాను. పంజాగుట్టలో తలుపులు తెరుచుకున్నాయి. దిగలేదు. ఏమని చెప్పాలి. మీకు వద్దని చెప్పిన తర్వాత మీ దగ్గరికి వచ్చి ర్యామ్ అడిగాను, ప్లాస్టర్ వేయించుకున్నాను అనా. నా మీద నాకే అసహ్యంగా ఉంది. పాపం ఆ మనిషి ఏమనుకుని ఉంటాడు. అవసరం తీర్చుకుని పోయింది అనుకోడూ.

లక్డీకాపూల్ దాకా పోయి, దిగి, అటువైపు ప్లాట్‌ఫాం మీద మళ్ళీ ఎక్కాను.

వేలు మానింది. ప్లాస్టర్ తీయలేదు.

జూలై 22, మంగళవారం

పోయిన మెయిళ్ళన్నీ మళ్ళీ టైప్ చేస్తున్నాం. కాపీ చేద్దాం అంటే మేడం వద్దంది. మళ్ళ రాసేటప్పుడు ఒక్కొక్కరికి ఫోన్ చేసి అడగాలె, అదే మాటనా అని, అంది. అడిగింది. ఇద్దరు మార్చుకున్నారు. అనుపమను వద్దన్న వాళ్ళు ఆ ఇద్దరిలో ఒకరు.

నా దగ్గరికి వచ్చింది. అదే మాటనా బిడ్డా.

కాదు అన్నాను. అంతే. కీబోర్డు పక్కకు జరిపాను. ఇంక ఆయన చదివేశాడు మేడం, ఇప్పుడు ఏం రాసినా ఏం లాభం అన్నాను. ఎన్నడు మారింది అని కూడా అడగలేదు. నా చేతికి ఒత్తుల దూది ఇచ్చింది. ఇద్దరం కూర్చుని ఒత్తులు చేశాం. నావి లావుగా వచ్చాయి.

జూలై 24, గురువారం, అమావాస్య

డబ్బా బాగానే ఉంది. బ్లూ స్క్రీన్ వచ్చి రెండు వారాలు దాటింది. ఆయన ర్యామ్ కదా.

మధ్యాహ్నం మెయిళ్ళు దించాను. సురేందర్ అని ఉంది. మేడంకు కళ్ళు మసకగా ఉన్నాయి, చదువు అంది. పైకి చదివాను.

నమస్కారం. మంజూష గారి జవాబు ఆషాఢంలో వచ్చినట్టుంది. మా అమ్మ ఆషాఢంలో వచ్చిన మాట వినొద్దు అనేది. అందుకని నేను తెరవలేదు. ఏం రాశారో నాకు తెలియదు. శ్రావణంలో మళ్ళీ పంపితే చదువుతాను. ఏది రాసినా సరే. వారి వేలు మానిందనుకుంటాను.

పద్ధతి తెలిసిన మనిషి బిడ్డా, ఈ కాలంల ఇసుంటోళ్ళు ఎక్కడున్నరు అని మేడం మురిసిపోయింది.

నేను స్క్రీన్ వైపు చూస్తున్నాను. ఆ మెయిల్ కిందనే, ఆరు రోజుల కిందటిది, రీడ్ రిసీట్. తెరవబడింది అని. అబద్ధం. పచ్చి అబద్ధం. చదివాడు. చదివి, ఆరు రోజులు ఊరుకుని, చదవలేదని రాశాడు. నేను వద్దన్న మాటను వెనక్కి తీసుకోవడానికి నాకే దారి చేసి పెట్టాడు. ఆయన కంప్యూటర్ ఆయనను అడక్కుండానే నాకు చెప్పేసిందని పాపం ఆయనకు తెలియదు.

బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. ఎన్నేళ్ళకో.

తిరిగొచ్చి ఆ రిసీట్ డిలీట్ చేశాను. మేడంకు చెప్పలేదు. ఆయనకూ చెప్పను.

జూలై 25, శుక్రవారం

శ్రావణం. కొబ్బరికాయ మెట్ల దగ్గర కొట్టించాను. బొట్టు మానిటర్‌కు పెట్టనిచ్చాను.

నాది నేనే టైప్ చేశాను. మొదటి మాట, సరే. దాని కింద, మీ ప్రింటర్ సగంలో ఆగడం కార్ట్రిడ్జ్ తప్పు కాదు, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేయాలి, ఫోన్‌లో చెబితే అయ్యే పని కాదు, ఆదివారం వస్తాను, చాలాసేపు పడుతుంది.

రీడ్ రిసీట్ టిక్కు తీసేసి పంపాను.